కణత కింద కీలు

కుట్టుపని హాలు,
భోజనాల వేళ

వదినకు,

నువ్వు పంపిన కళ్ళజోడు చేరింది. పెట్టె విప్పగానే ముందు మా పిట్ట పెట్టుకుని, అద్దంలో చూసుకుని, హెడ్మిస్ట్రెస్ నడక నడుస్తూ ఇల్లంతా ఒక చుట్టు చుట్టి, ఆ తర్వాత దయతలచి నాకిచ్చింది. సూదిలో దారం ఎక్కించడానికి ఇప్పుడు నేను కిటికీ దగ్గరికి పరుగెత్తనక్కర్లేదు. నీ చేతి పని అంటే మాటలా. తలనొప్పి మాత్రం తగ్గలేదు. కళ్ళజోడు మీద నేరం మోపడం కాదు, నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను.

పొద్దున నేను కళ్ళు తెరిచేసరికే ఆ నొప్పి నాకంటే ముందు లేచి కూర్చుంటుంది. కణతల దగ్గర మొదలై, చెవి చుట్టూ తిరిగి, మెడ దాకా దిగుతుంది. మధ్యాహ్నానికి కాస్త సద్దుమణిగినట్టే ఉండి, హాల్లో మిషన్లన్నీ మొదలయ్యేసరికి మళ్ళీ వచ్చి వాలుతుంది. బళ్ళు తెరిచే రోజులు కదా, యూనిఫారాలు కుప్పలు తెప్పలుగా పడి ఉన్నాయి. ట్రయల్ వేసి, గుండుసూదులు గుచ్చి, గుర్తులు పెట్టడం అంతా నా వంతే. ముఖం అలా మాడ్చుకుంటే పిల్లలు బడి మానేస్తారని కటింగ్ మాస్టరు వేళాకోళం చేస్తాడు. నవ్వాలనే ఉంటుంది.

ఫోన్ ఎత్తడం లేదని అన్నయ్య అలిగాడట. హాల్లో ఆ రొదకి ఏమీ వినపడదు, ఇంటికొచ్చాక మాట్లాడే ఓపిక ఉండదు. ఉత్తరమైతే తీరిగ్గా రాసుకోవచ్చు. నా నొప్పి కళ్ళ అలసట వల్లే అని పిట్టకి చెప్పాను. అన్నయ్యకి కూడా అదే చెప్పు.

ఒక సంగతి అడుగుతాను. మీ మేడమీది గది ఇంకా ఖాళీగానే ఉందా? మీకు దగ్గర్లో మంచి బడి ఏదైనా ఉందా? ఊరికే అడిగాను.

నీ మరదలు


కళ్ళజోళ్ళ షాపు,
అద్దాల బల్ల దగ్గర

మరదలు పిల్లకు,

నేను చూసిన నంబరు తప్పయ్యే ప్రశ్నే లేదు. ఈ బల్ల దగ్గర కూర్చుని ఎంతమంది ముక్కుల కొలతలు తీశానో నాకే లెక్క లేదు. కాబట్టి నీ తలనొప్పి కళ్ళది కాదని నేనే ఒప్పుకుంటున్నాను. ఇది నేను ఒప్పుకున్నానంటే వ్యవహారం ఎంత దూరం వచ్చిందో అర్థం చేసుకో.

ఊరికే అడిగే మనిషివి కావు నువ్వు. మేడమీది గది ఖాళీగానే ఉంది. వీధి చివర బడి కూడా ఉంది. ఎవరికోసం? నువ్వూ పిట్టా కలిసి వస్తామంటే రేపే సున్నం వేయిస్తాను. పిట్ట ఒక్కతే అంటే మాత్రం గదికి తాళం వేసి, తాళంచెవి బావిలో పడేస్తాను.

నువ్వు రాయకపోయినా నాకు తెలుసు, అత్తయ్యను తలుచుకుని భయపడుతున్నావు. ఆవిడకీ కణత దగ్గర నొప్పితోనే మొదలైంది, చివరికి తలలో గడ్డ అని తేలింది. అప్పుడు నేను ఈ ఇంట్లో కొత్త కోడల్ని. మర్చిపోతానా? నాకూ భయంగానే ఉంది. మీ అన్నయ్యకి చెప్పొద్దన్నావు గానీ చెప్పేశాను. ఆయన అన్నం ముందు నుంచి లేచి వెళ్ళి పెరట్లో చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి, పెద్దాసుపత్రిలో తల డాక్టరు దగ్గర పేరు రాయిస్తానన్నాడు.

సెలవు పెట్టుకుని రా. యూనిఫారాలు నువ్వు లేకపోయినా కుట్టుకుంటారు. పిట్టను తీసుకురా, అది ఇక్కడ అద్దాలన్నీ పెట్టుకుని చూసుకోవచ్చు. ఫోన్ చేస్తే ఎత్తవు, ఎత్తినా ఊఁ అనో ఆఁ అనో పెట్టేస్తావు. నీతో ఎవరైనా ఎలా మాట్లాడతారు?

మీ వదిన


ఇల్లు, కిటికీ దగ్గర

వదినకు,

క్షేమంగా చేరాం. స్కాన్ గొట్టంలో కదలకుండా పడుకోమన్నారు కదా, ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు ఒళ్ళంతా బిగుసుకుపోయే ఉంది. అన్నయ్య రాసిన కార్డు నిన్న అందింది. "రిపోర్టు తీసుకున్నాను. ఏమీ లేదు." అంతే రాశాడు.

వదినా, నిన్నొక మాట అడగాలి. ఆ రిపోర్టు నువ్వు నీ కళ్ళతో చూశావా?

ఆ సాయంత్రం డాక్టరు ఫిల్ములు చూస్తానని అన్నయ్యను ఒక్కణ్ణే లోపలికి పిలిచి తలుపు వేశాడు. నేను బెంచీ మీద కూర్చున్నాను. చాలాసేపటికి అన్నయ్య బయటికొచ్చాడు. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది, చొక్కా ముందంతా తడిసి ఉంది. ఏమీ లేదు పద, అన్నాడు. బయట బండి దగ్గర నాకు సంచీడు ఆపిల్స్ కొన్నాడు. బస్సెక్కించేదాకా ఏమీ లేదు, ఏమీ లేదు అంటూనే ఉన్నాడు. ఏమీ లేనప్పుడు అన్నిసార్లు ఎందుకు చెప్పడం? అమ్మకి కూడా ఇలాగే చెప్పాం. నరాల బలహీనత అన్నాం, ఎండ అన్నాం, గ్యాస్ అన్నాం. ఆవిడ పోయేదాకా ఏమీ లేదనే చెప్పాం. మన ఇంట్లో ఏమీ లేదంటే అర్థం ఏమిటో నాకు తెలుసు.

పిట్ట నాన్న లేని పిల్ల. నాకేదైనా అయితే దానికి మీరు తప్ప ఎవరున్నారు? నేను పోతానన్న బాధ కంటే, ముందే తెలిసుంటే దాని పనులన్నీ చక్కబెట్టుకునేదాన్ని కదా అన్న ఆదుర్దా ఎక్కువగా ఉంది. నాకు నిజం చెప్పండి. ఎన్నాళ్ళో చెప్పండి. ఏడవను, ఎవరినీ ఏమీ అనను.

నీ మరదలు

అత్తా, ఈ ఉత్తరం డబ్బాలో వేయమని అమ్మ నాకిచ్చింది. ఇంకా అంటించలేదు కాబట్టి నేనూ రాస్తున్నాను. మామయ్య కొన్న ఆపిల్స్ అన్నీ నేనే తిన్నాను, అమ్మ ఒక్కటి కూడా కొరకలేదు. రొట్టె పాలలో నానబెట్టుకుని తింటుంది. నిద్రలో పళ్ళు కొరుకుతుంది, కర్ కర్ అని. మొన్న ఆవలించబోతే నోరు సగంలోనే ఇరుక్కుపోయింది, చెంప పట్టుకుని మెల్లగా మూసుకుంది. నేను చూశానని అమ్మకి తెలియదు. అమ్మ నాకు గౌన్లు కుడుతోంది. ఒకటి నాకు సరిపోయింది. మిగతావి చాలా పెద్దవి, ఒకదానికంటే ఒకటి పెద్దవి. అవెందుకని అడిగితే గుడ్డ మిగిలిందంది. చెప్పొద్దు. పిట్ట.


కళ్ళజోళ్ళ షాపు,
మూసే వేళ

మరదలు పిల్లకు,

నీ కూతురు నీ ఉత్తరం కింద నాకు ఇంకో ఉత్తరం రాసింది. చెప్పొద్దంది గానీ చెబుతున్నాను. ఇంట్లో ఇప్పటికే చెప్పనివి చాలా ఎక్కువయ్యాయి. దాన్ని కోప్పడ్డావంటే నేను మొదటి బస్సుకే వచ్చి నిన్ను కోప్పడతాను.

పెద్ద పెద్ద గౌన్లు కుడుతున్నావట. వచ్చే ఏటికి ఒకటి, ఆ పై ఏటికి ఒకటి. అది చదివి, ఎవరి కళ్ళజోడో బల్ల మీద వదిలేసి, వెనక గదిలోకి వెళ్ళి కాసేపు కూర్చున్నాను. దాని ఎత్తు ఎంత పెరుగుతుందో ఊహించుకుని కొలత పెట్టుకుంటూ, ఒక్కదానివే, ఎవరికీ చెప్పకుండా ఎలా కుట్టావు?

ముందు మీ అన్నయ్య సంగతి. చెప్పనని ఆయనకి ఒట్టు వేశాను, ఆ ఒట్టు ఇక్కడితో సరి. డాక్టరు నీ తల ఫిల్మును వెలుగు పలక మీద పెట్టగానే ఆయన కళ్ళు తిరిగి పడిపోయాడు. ఏమీ లేదని డాక్టరు చెప్పేలోపే. నర్సమ్మ వచ్చి ముఖాన నీళ్ళు కొట్టి, లోపలి బల్ల మీద పడుకోబెట్టింది. ఆ సిగ్గుతో బయటికొచ్చి నీకు ఆపిల్స్ కొన్నాడు. తలుపు వెనక జరిగిన రహస్యం అదీ. రిపోర్టు నేను చూశాను. గడ్డ లేదు, వాపు లేదు, రక్తం గడ్డకట్టింది లేదు. ఫిల్ముతో సహా కవర్లో పెట్టి పంపుతున్నాను.

ఇప్పుడు రెండో సంగతి. నీ నోరు ఎప్పటినుంచి తెరుచుకోవడం లేదు? తల డాక్టరు అన్ని ప్రశ్నలు అడిగాడు కదా, దవడ సంగతి ఎందుకు చెప్పలేదు?

నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో అందరం బంతిలో కూర్చుని తింటుంటే నీ వైపు నుంచి టక్, టక్ అని వినపడేది. ఏమిటా అని నేను చుట్టూ చూస్తుంటే మీ అన్నయ్య, "మా గడియారం అన్నం తింటోంది" అన్నాడు. అందరూ నవ్వారు, నువ్వు తల దించుకున్నావు. ఆ తర్వాత ఆ చప్పుడు గురించి ఎవరం ఆలోచించలేదు. ఇంట్లో ఎగతాళి మాట కదా, దాన్ని పట్టుకెళ్ళి డాక్టరుకి ఎవరు చెబుతారు?

మా షాపు పై అంతస్తులో పళ్ళ డాక్టరమ్మ ఉంది. నిన్న ఆవిడ అద్దాలు సరిచేస్తూ, పిట్ట రాసినవన్నీ చెప్పాను. మనిషిని చూడకుండా ఏమీ చెప్పలేనంది. అయినా పొద్దునే వచ్చే నొప్పి, కణతలు, చెవి, నోరు ఇరుక్కోవడం, నిద్రలో పళ్ళు కొరకడం, ఇవన్నీ ఒక మనిషిలోనే ఉన్నాయంటే దవడ కీలు చూపించకుండా ఊరుకోవద్దంది. మీ ఊళ్ళో పెద్దాసుపత్రిలో దవడలు చూసే విభాగం ఉందట. వెళ్ళు.

మీ వదిన


ఇల్లు, తలుపులు వేసుకుని

వదినా,

కవరు అందింది. ఫిల్ము కిటికీకి ఆనించి చూశాను. నాకేం తెలుస్తుంది? తెల్లగా, నల్లగా ఏదో ఉంది. రిపోర్టు నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ నీ గొంతే వినపడింది.

నీకు గుర్తుందో లేదో. అమ్మకి అప్పటికే చూపు మసకబారింది. ఆసుపత్రి నుంచి కాగితం వచ్చిన రోజు, ఏం రాశారో చదవమని మంచం మీద నుంచి అడిగింది. అన్నయ్య కాగితం చేత్తో పట్టుకుని నావైపు చూశాడు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. నువ్వు ముందుకొచ్చి, కాగితం అందుకుని, లేనివన్నీ ఉన్నట్టు గడగడా చదివావు. నరాల బలహీనత, మంచి ఆహారం, విశ్రాంతి. మధ్యలో ఒకచోట ఆగి, ఈ డాక్టర్ల రాత అర్థమై చావదని విసుక్కున్నావు కూడా. ఎక్కడా నీ గొంతు వణకలేదు. ఆ రోజు నీ గుండె నిబ్బరం చూసి ఎంత మెచ్చుకున్నానో. ఇవాళ ఆ గొంతంటేనే నాకు భయం. అంత బాగా చదవగలిగినదానివి, అంత బాగా దొంగ రిపోర్టు రాయించలేవా? అన్నయ్య కళ్ళు తిరిగి పడ్డాడన్న కథ కూడా నవ్వొచ్చేలా రాశావు. ఎంత బాగుందంటే నమ్మలేకపోయాను.

దవడ సంగతి అడిగావు. టక్ టక్ ఎప్పటినుంచో ఉన్నదే. చలికాలం మొదట్లో ఒకరోజు ఆ చప్పుడు ఆగిపోయింది. పీడ వదిలిందనుకున్నాను. ఆ రోజు నుంచే నోరు రెండు వేళ్ళ కంటే ఎక్కువ తెరుచుకోవడం మానేసింది. మాట్లాడితే చెవి ముందు పొడుస్తుంది. అందుకే ఫోన్ ఎత్తను. మిషన్ల రొదా లేదు, పాడూ లేదు. నీతో మాట్లాడాలని లేక కాదు వదినా.

డాక్టరుకి చెప్పలేదంటే, ఏమని చెప్పను? తల పగిలిపోతోందని వెళ్ళి, అన్నం తింటే చప్పుడొస్తుందని చెబితే నవ్వడా? తలలో ఏదో పెరుగుతుంటే అది కిందికి దవడని కూడా పట్టేసిందని నాలో నేను అనుకున్నాను. ఇంకా అదే అనుకుంటున్నాను. దవడ వల్ల ఇంత తలనొప్పి వస్తుందంటే నాకు నమ్మకం కుదరడం లేదు.

పిట్టను కోప్పడలేదు. గౌన్లు పైన పెట్టేశాను. ఇంకొకటి మిగిలింది, కుట్టనా మాననా అని చూస్తున్నాను.

నీ మరదలు


ఇల్లు, వంట కాకముందే

మరదలు పిల్లకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు షాపుకి వెళ్ళలేదు. కోపమొచ్చింది, ఆ తర్వాత కోపం నీ మీద కాదని తెలిసింది. ఇప్పుడు నేను రాసేది మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు. ఈ ఉత్తరం ఆయనకి చూపించే పంపుతాను.

ఆ రోజు నేను కాగితం చదవడం అయ్యాక మీరిద్దరూ వంటింట్లోకి వెళ్ళారు. మీ అన్నయ్య పంపు తిప్పి నీళ్ళ చప్పుడులో ఏడుస్తున్నాడు. నేను దుప్పటి సర్దబోతుంటే అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "బాగా చదివావే. వాళ్ళిద్దరి ముందు ఎప్పుడూ ఇలాగే చదువు. నాకు తెలుసని తెలిస్తే తట్టుకోలేరు" అంది.

ఆవిడకి తెలుసు. నేను చదవకముందే తెలుసు. మనం ఆవిడ కోసం అబద్ధం ఆడుతున్నామని అనుకున్నాం, ఆవిడ మన కోసం ఆడింది. ఆ తర్వాత రెండు మూడుసార్లు, మీరు లేనప్పుడు, నాతో ఏదో చెప్పుకోబోయింది. భయమేస్తోందే, అంది ఒకసారి. నాకేమో అప్పటికి ఎంత వయసు? గాభరాపడి, మీకేం ఫర్వాలేదు అత్తయ్యా, ఏమీ లేదు అన్నాను. ఆవిడ నవ్వి గోడవైపు తిరిగింది. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఇంటినిండా మనుషులం ఉండి, ఆవిడ భయాన్ని ఆవిడకే వదిలేశాం. నా గొంతు వణకలేదని మెచ్చుకున్నావు. వణికి ఉంటే బాగుండేది. ఆవిడతో కలిసి ఏడ్చేవాళ్ళం.

అందుకని నా మాట విను. నీ రిపోర్టులో ఏదైనా ఉండి ఉంటే మీ అన్నయ్యని ఆ కార్డు రాయనిచ్చేదాన్ని కాదు, కవరు పంపేదాన్ని కాదు. నేనే వచ్చి, నీ ఎదురుగా కూర్చుని, ఉంది అని చెప్పేదాన్ని. అత్తయ్యకి చేసింది నీకు చేయను. చచ్చినా చేయను. నమ్మితే దవడ డాక్టరు దగ్గరికి వెళ్ళు. నమ్మకపోయినా వెళ్ళు. నేను నీ వదిననని కాదు, రెండు వేళ్ళకి మించి తెరుచుకోని నోటితో ఎన్నాళ్ళు రొట్టె నానబెట్టుకుంటావు?

ఇంకొకటి. పిట్టకి కళ్ళ అలసట అని చెప్పావు. అది ఒకదానికంటే ఒకటి పెద్దవైన గౌన్లు చూసింది. దానికేమీ అర్థం కాలేదనుకుంటున్నావా?

మీ వదిన


ఆసుపత్రి వరండా, ఆ తర్వాత ఇల్లు

వదినా,

నీ ఉత్తరం సంచిలో పెట్టుకునే వెళ్ళాను. అమ్మ గురించి ఇంకా ఏమీ రాయలేను. రాయబోతే చెయ్యి ఆగిపోతోంది. నిన్ను మాత్రం నమ్మాను, అది ముందు రాస్తున్నాను.

దవడలు చూసే డాక్టరమ్మ మన వయసుదే. ముందు నన్నే మాట్లాడనిచ్చింది. గడియారం సంగతితో సహా అన్నీ చెప్పాను. నవ్వలేదు. చెవుల ముందు వేళ్ళు పెట్టి తెరవమంది, మూయమంది, దవడ పక్కలకి కదపమంది. తెరుస్తుంటే నా గడ్డం ఒక పక్కకి లాగేస్తోందట, ఇన్నాళ్ళూ నేనే చూసుకోలేదు. ఆ తర్వాత పళ్ళు బిగించమని, నా కణత మీద ఒకచోట వేలు పెట్టి మెల్లగా నొక్కి పట్టింది.

వదినా, అదే నొప్పి. పొద్దున నాకంటే ముందు లేచేది, చెవి చుట్టూ తిరిగేది, మెడలోకి దిగేది, అదే. ఆవిడ వేలి కింద నుంచి లేచి మొత్తం దారంతా నడిచింది. "నీ తలనొప్పి ఇదేనా?" అని అడిగింది. అవునని చెప్పలేక తల ఊపి, ఆ కుర్చీలోనే ఏడ్చాను. ఆవిడ వేలు తీసేసి, నా ఏడుపు అయ్యేదాకా పక్కన నిలబడింది.

దవడ మూసే కండరం ఒకటి కణత మీద విసనకర్రలా పరుచుకుని ఉంటుందట. చెవి ముందు కీల్లో చిన్న మెత్త ఒకటి ఉంటుందట. నాది పక్కకి జారి, మొదట్లో చప్పుడు చేసేది, ఇప్పుడు అడ్డుపడి కూర్చుంది. నిద్రలో పళ్ళు బిగిస్తే ఆ కండరానికి విశ్రాంతి ఉండదు, పొద్దునకి తలనొప్పిగా లేస్తుంది. చప్పుడొచ్చే ప్రతి దవడా జబ్బు కాదనీ, ప్రతి తలనొప్పీ దవడది కాదనీ కూడా చెప్పింది. స్కాన్ తీయించుకోవడం మంచి పనే చేశావంది. రిపోర్టు అడిగి చూసి, ఆవిడ కూడా ఏమీ లేదనే అంది. ఆ మాట వినగానే లేచి వెళ్ళిపోవాలనిపించింది గానీ, కూర్చుని మిగతాది విన్నాను.

నా పని ఏమిటని అడిగింది. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుంటానని, దారం పళ్ళతో కొరుకుతానని చెప్పాను. ఎంతసేపు అంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్నాను. సూదులు జారిపోకుండా బిగించి పట్టుకునే ఉంటావన్నమాట అని ఏదో రాసుకుంది. ఇప్పుడు మణికట్టుకి చిన్న మెత్త కట్టుకుని దానికే గుచ్చుకుంటున్నాను. అలవాటు లేక ట్రయల్ కి వచ్చిన పిల్లల్ని పొడుస్తున్నానని కటింగ్ మాస్టరు గొడవ. రాత్రులు పెట్టుకోవడానికి పై పళ్ళకి తొడుగు చేసిస్తారు. వేడి గుడ్డ, మెత్తటి తిండి, నోటికి రోజూ కొంచెం వ్యాయామం. పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి, రోజంతా ఇదే గుర్తుపెట్టుకోమంది. చాలామందికి నెలల్లో తగ్గుతుందంది. పూర్తిగా పోతుందా అంటే, చెప్పలేనంది. ఆ చెప్పలేను అన్న మాటకే నాకు ఆవిడ మీద గురి కుదిరింది.

పిట్టతో ఇంకా మాట్లాడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నీ మరదలు


కళ్ళజోళ్ళ షాపు,
జనం లేని పూట

మరదలు పిల్లకు,

నీ ఉత్తరం మీ అన్నయ్య చదివి, నా చేతికిచ్చి, మళ్ళీ తీసుకుని చదివాడు. అత్తయ్య సంగతి తెలిసిన రోజు ఆయన పెరట్లోనే పడుకున్నాడు. మర్నాడు, అమ్మ భయమేస్తోందని అన్నప్పుడు నువ్వు చెయ్యైనా పట్టుకున్నావా అని అడిగాడు. పట్టుకున్నానన్నాను. అది నిజం. అంతకంటే ఏమీ అడగలేదు. నిన్ను ఇక గడియారం అననని నాతో చెప్పాడు. నువ్వు ఎప్పుడో ఒకప్పుడు దెప్పడానికి పనికొస్తుందని రాస్తున్నాను.

దారం పళ్ళతో కొరికే వాళ్ళలో నేనూ ఉన్నాను. పై అంతస్తు డాక్టరమ్మ చూసి నా బల్ల మీద ఒక కత్తెర పెట్టి వెళ్ళింది.

ఒక్కటే మాట. పిట్టతో మాట్లాడడానికి మంచి సమయం కోసం చూడకు. నీకు కాస్త తగ్గగానే, ఇప్పుడెందుకులే అనిపిస్తుంది. మన ఇంటి జబ్బు అదే, దానికి తొడుగు చేసేవాళ్ళు ఎవరూ లేరు.

మీ వదిన


ఇల్లు, వంటగది

వదినా,

చాలా రోజులకి రాస్తున్నాను. నువ్వన్నట్టే అయింది. తొడుగు పెట్టుకున్న కొన్ని వారాలకి పొద్దున లేస్తే తల తేలిగ్గా ఉండడం మొదలైంది. నోటిలో దాదాపు మూడు వేళ్ళు పడుతున్నాయి. ఇప్పుడెందుకులే అనిపించింది. చెప్పలేదు.

పోయిన వారం యూనిఫారం కోట్లు కుట్టే పని నెత్తిన పడింది. ఆదరాబాదరాగా చేస్తూ మణికట్టు మెత్త సంగతే మర్చిపోయాను, సూదులు మళ్ళీ నోట్లోకి ఎక్కాయి. గురువారం మధ్యాహ్నానికి నొప్పి వచ్చేసింది, పాతదే, మొత్తంగా. ఒక్కసారిగా ఫిల్మూ, రిపోర్టూ, డాక్టరమ్మా అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. వాళ్ళకి దొరకనిది ఏదో లోపల ఉందనిపించింది. మాస్టరుకి చెప్పి, గోడలు పట్టుకుంటూ ఇంటికొచ్చాను.

పిట్ట బడి నుంచి ముందే వచ్చేసింది. స్టూలు వేసుకుని, పొయ్యి మీద బంగాళాదుంపలు ఉడకబెడుతోంది. జడలు దానంతట అదే వేసుకుంది, ఒకటి పైకి, ఒకటి కిందికి. వేలు మీద కాలిన మచ్చ, అది ఆ రోజుది కాదు. బట్టలు ఉతికి ఆరేసింది. ఎప్పటినుంచి ఇవన్నీ చేస్తున్నావని అడిగాను. గరిటెతో దుంపలు తిప్పింది. మళ్ళీ గట్టిగా అడిగితే, పొయ్యి వైపే చూస్తూ అంది. "చెప్పించుకోకుండా పనులన్నీ చేస్తే అత్తావాళ్ళు నన్ను వాళ్ళ దగ్గర పెట్టుకుంటారు కదా."

పొయ్యి ఆపి, దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. మొత్తం చెప్పాను వదినా. అమ్మమ్మ తలలో గడ్డ సంగతి, మేం చదివిన కాగితం, అమ్మమ్మకి తెలిసి ఉండడం. నాకూ అదే అనుకుని గౌన్లు కుట్టడం. దవడ సంగతి. దాని వేలు తీసుకుని నా చెవి ముందు పెట్టి, నోరు తెరిచి చూపించాను. చాలాసేపు వేలు తీయలేదు. దీంతో చచ్చిపోతారా అని అడిగింది. చచ్చిపోరని డాక్టరమ్మ చెప్పిందన్నాను. నువ్వు నమ్మావా అంది. చాలా రోజులు నమ్ముతాను, ఇవాళ లాంటి రోజు నమ్మలేకపోతాను అన్నాను. అబద్ధం చెప్పాలని నాలిక చివరిదాకా వచ్చింది. ఎలాగో మింగేశాను.

అప్పుడు ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. నేనూ ఏడ్చాను. దుంపలు సగం ఉడికినవే తిన్నాం, నేను నాది చిదుముకుని.

శుక్రవారం పొద్దున బడికి తయారై నా ముందు నిలబడింది. నొప్పి ఉందా అని అడిగింది. ఉంది, నిన్నటి కంటే తక్కువ అన్నాను. నా ముఖం ఒక్క నిమిషం పట్టి చూసింది. సాయంత్రం వేడి గుడ్డ నేను పెడతాను అని చెప్పి సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది. గుమ్మంలో నిలబడి చూశాను. ఇన్ని నెలలుగా రోజూ వీధి మలుపు దగ్గర ఆగి, నేను ఇంకా నిలబడే ఉన్నానా అని వెనక్కి చూసేది. ఆ రోజు ఆగలేదు. పక్కింటి పిల్లతో ఏదో చెప్పుకుంటూ మలుపు తిరిగిపోయింది.

నీ మరదలు